గోడ వెంట జారిన ఉప్పునీళ్లు

1979 వేసవి. తిరుపతిలోని ఒక మట్టి పరిశోధన ప్రయోగశాలలో లాబ్ అసిస్టెంటుగా చేరి నాకప్పటికి నాలుగేళ్లయింది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. రేకుల కప్పు కింద పొడవాటి గది, నడుమ సిమెంటు బల్ల, గోడ పక్కన ఇనుప స్టాండ్లు. ఆ స్టాండ్లకు బిగించి నిలబెట్టిన గొట్టాలే నా పని. వాటిని సాయిల్ కాలమ్‌లు అంటారు. అంటే మట్టి నింపిన గొట్టాలు. పొలంలో భూమి లోపల నీళ్లు ఎలా దిగుతాయో, ఎరువులూ ఉప్పులూ ఎంత లోతుకు పోతాయో కంటితో చూడలేం కదా. అందుకని ఆ పొలం మట్టినే తెచ్చి, పొరల వరుస తప్పకుండా గొట్టంలో నింపి, పైనుంచి నీళ్లు వదిలి, కింద ఏం వస్తుందో చూస్తాం.

చెప్పడానికి సులువే. చేసేటప్పుడు ప్రాణం పోతుంది. మట్టిని నీడలో ఆరబెట్టాలి, సన్న జల్లెడ పట్టాలి. గొట్టం అడుగున చిల్లుల పలక, దాని మీద మల్లు గుడ్డ, దాని మీద కడిగిన ఇసుక. తర్వాత రెండేసి అంగుళాల చొప్పున మట్టి తూచి పోసి, చెక్క దిమ్మెతో దట్టించాలి. ఒక పొర మీద ఇంకో పొర పోసే ముందు పైభాగాన్ని గీకాలి, లేకపోతే రెంటి మధ్యా అతుకు పడుతుంది. పొలంలో మట్టి ఎంత గట్టిగా ఉందో గొట్టంలోనూ అంతే గట్టిగా ఉండాలి. ఆ గట్టితనాన్ని బల్క్ డెన్సిటీ అంటాం. ఇంత పరిమాణంలో ఇంత బరువు మట్టి అని లెక్క.

ఆ తర్వాత ఎదురుచూడటం. నాకు చేతకానిది అదే. కింద ఫ్లాస్కులో మొదటి చుక్క పడేదాకా కుర్చీలో కూర్చోలేను. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తాను. వచ్చి చూస్తాను. మళ్లీ నడుస్తాను. "కాళ్లు కాలినట్ల ఎందుకప్పా ఆ తిరుగుడు? నువ్వు తిరిగితే నీళ్లు తొందరగా దిగుతాయా?" అని మా సారు విశ్వనాథం గారు విసుక్కునేవారు. నలభై దాటిన మనిషి, మట్టి శాస్త్రంలో డాక్టరేటు, మాట తక్కువ.

ఆ ఏడు చిత్తూరు రెవెన్యూ అధికారుల నుంచి మాకొక ఉత్తరం వచ్చింది. చిత్తూరుకు దక్షిణాన, వేలూరు దారిలో ఒక పల్లె. అక్కడ చెంగల్రాయులు అనే ఆయనకు తోళ్లు శుద్ధి చేసే షెడ్డు ఉంది. ఉప్పు పట్టించిన తోళ్లను నానబెట్టి కడిగిన నీళ్లను షెడ్డు వెనక గుంటలోకి వదిలేవాళ్లు. గుంట కింది వాటంలో మునెమ్మ అనే రైతు పొలం, అందులో బావి. రెండేళ్లలో బావి నీళ్లు ఉప్పుబారాయి. శెనక్కాయ మొలకలు అంచులు మాడి రాలిపోతున్నాయి. గుంట వల్లే అని మునెమ్మ ఫిర్యాదు. గుంటకీ బావికీ మధ్య నేలలో అడుగు లోతు నుంచే బంకమట్టి పొర ఉందనీ, అందులోంచి నీళ్లు దిగవనీ, ఆ బావి మొదటి నుంచీ కాస్త ఉప్పేననీ చెంగల్రాయులు జవాబు. ఆ బంక పొరను దాటి ఉప్పు కిందికి దిగుతుందా లేదా తేల్చి చెప్పమని మాకు రాశారు. విచారణ ఆరు వారాల్లో ఉంది.

మట్టి కోసం నేనే వెళ్లాను. యాభై ఏళ్లు దాటిన మునెమ్మ సన్నగా, నిటారుగా ఉంది. భర్త పోయాక రెండెకరాలూ తానే చూసుకుంటోంది. నేను దిగీదిగగానే చెంబుతో నీళ్లు ఇచ్చింది. దాహంతో ఒక గుక్క నోట్లో పోసుకుని అక్కడే ఉమ్మేశాను.

"నీకు ఒక గుక్కకే అట్లుంటే, మేం రెండేండ్లుగా తాగతా ఉండాం నాయనా" అంది.

ఆ ఉప్పు నాలుక మీద నుంచి పోలేదు. గుంటకు పక్కగా, ఉప్పు ఇంకా చేరని పైగట్టు దగ్గర గుంత తవ్వించి, పొర పొరకూ వేరువేరుగా గోతాల్లో మట్టి నింపుకుని తిరుపతికి తెచ్చాను. ఆమెకు న్యాయం జరగాలని అప్పటికే మనసులో అనేసుకున్నాను. మా పనిలో అంతకంటే ప్రమాదం లేదని తర్వాత తెలిసింది.

తొందరలో ఉన్నాను. మూడు పీవీసీ గొట్టాలు కోయించాను. మామూలుగా గొట్టం లోపలి గోడకు జిగురు పూసి ఇసుక అద్దుతాం. నునుపైన గోడకూ మట్టికీ మధ్య సందు ఉంటే నీళ్లు మట్టిలోకి పోకుండా ఆ సందు వెంట జారిపోతాయి. దీన్ని వాల్ ఫ్లో అంటాం, గోడ వెంట పారడం అన్నమాట. జిగురు ఆరడానికి రెండు రోజులు పడుతుందని ఆ పని మానేశాను. మట్టికి కాస్త తేమ తగలనిచ్చి దట్టించాల్సింది, పొడిగానే దట్టించాను. మట్టిలో ముందే ఏమైనా ఉప్పు ఉంటే పోయేలా మామూలు నీళ్లతో కడిగితే సాయంత్రానికల్లా మూడు గొట్టాల్లోంచీ నీళ్లు వచ్చాయి. బంకమట్టి ఉన్న గొట్టంలోంచి నీళ్లు అంత వేగంగా దిగినప్పుడే అనుమానం రావాలి. రాలేదు. వద్దనుకున్నాను కాబట్టి రాలేదు.

మర్నాడు ఉప్పునీళ్లు వదిలాను. గంట తిరక్కముందే కింద పడిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి చూశాను. ఉప్పు ఉంటే ఆ చుక్క తెల్లగా విరుగుతుంది. విరిగిన పాలలాగా విరిగింది. మూడింటిలోనూ.

విశ్వనాథం గారు పుస్తకం చూసి, "ఇంత తొందరగానా?" అన్నారు. కానీ మూడూ ఒకే మాట చెబుతున్నాయి. రిపోర్టు చిత్తు రాయమన్నారు.

అదే రోజు మధ్యాహ్నం మునెమ్మ వచ్చింది. తిరుచానూరులో అమ్మవారి దర్శనం చేసుకుని అటునుంచటే లాబ్‌కు వచ్చిందట. సారు భోజనానికి వెళ్లారు. నేను వరండాలో తిరుగుతున్నాను. మెట్ల దగ్గర నిలబడి నా మొహం వైపు చూసింది, అంతే.

"ఉప్పు దిగతా ఉండాది మునెమ్మక్కా. గంటలోనే దిగింది. కేసు నీదే" అన్నాను.

ఆ మాట చెప్పే అధికారం నాకు లేదు. రిపోర్టు పోకముందు ఎవరికీ చెప్పకూడదన్నది మా మొదటి నియమం. ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంటూ బస్సుకు పోయింది.

ఆమె అటు పోగానే నాకు గుబులు పట్టుకుంది. గంటలోనే దిగింది అని నా నోటితో నేనే అన్న మాట చెవుల్లో తిరుగుతోంది. గంటలో ఎలా దిగుతుంది? అడుగున్నర బంకమట్టి అది. ఆ మట్టిని నా చేత్తో పిసికాను, వేళ్లకు అంటుకుంటే గోరుతో గీకి తీయాల్సి వచ్చింది. మరుసటి రోజు ఆదివారం. ఎక్కడికో తెలియకుండా సైకిలు తీసి రేణిగుంట దాకా తొక్కి, అక్కడ ఏ పనీ లేక వెనక్కి తిరిగి వచ్చాను.

సోమవారం పొద్దున సారు రాకముందే ఒక కాలమ్ పైన ఎర్ర రంగు కలిపిన నీళ్లు పోశాను. కింద ఎరుపు కనబడగానే నీళ్లు ఆపి, గొట్టాన్ని బల్ల మీద పడుకోబెట్టి, రంపంతో నిలువునా రెండు వైపులా కోసి తెరిచాను. మట్టి దిమ్మె చుట్టూ ఎర్రటి తొడుగు. దిమ్మెను కత్తితో విరిస్తే లోపలంతా దాని సొంత రంగే. ఒక్క ఎర్ర చార లేదు. ఉప్పు బంకమట్టిని దాటనే లేదు. గోడకూ మట్టికీ మధ్య నేను వదిలిన సందులోంచి జారి వచ్చింది.

రెండో గొట్టం కోశాను. అదే తొడుగు.

మూడోది కోయకుండా నిలబడిపోయాను. ఎవరూ చూడలేదు. చిత్తు రిపోర్టు టైపింగుకు సిద్ధంగా ఉంది. అది అలాగే పోతే మునెమ్మ గెలుస్తుంది, నా ఉద్యోగానికీ ఏమీ కాదు. ఆ ముక్కలు బయట పారేసి కొత్తగా మూడు గొట్టాలు నిలబెడితే అడిగేవాళ్లుండరు. ఉప్పునీళ్లు తాగుతున్న మనిషి పక్షాన ఒక చిన్న తప్పు నిలబడితే నష్టమేమిటని కూడా అనుకున్నాను. గదిలో ఎన్నిసార్లు అటూ ఇటూ నడిచానో తెలియదు. సారు చెప్పుల చప్పుడు వినిపించేసరికి ఆ ఎర్ర దిమ్మె ఇంకా నా చేతిలోనే ఉంది.

ఆయన చూశారు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"జిగురు పూసినావా?"

"లేదు సార్."

"ఎవురికన్నా సెప్పినావా?"

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. "మునెమ్మకు సెప్పినాను సార్" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "సరే. మళ్లీ కట్టు. ఈసారి వొచ్చేది ఏదైనా, ఆమెకి నువ్వే పొయ్యి సెప్పాల" అన్నారు.

రెండో దఫా మూడు కాలమ్‌లు పద్ధతిగా కట్టాను. గోడకు జిగురు, ఇసుక. మట్టికి తేమ. నీళ్లు కింది నుంచి మెల్లగా ఎక్కించాను, లోపలి గాలి పైకి పోయేలా. పైనుంచి నీళ్లు వదిలాక మొదటి చుక్క పడటానికే నాలుగు రోజులు పట్టింది. ఆ తర్వాత ఉప్పునీళ్లు. ఒక రోజు, రెండు, మూడు. పూటకోసారి సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తున్నాను. నీళ్లు తేటగానే ఉన్నాయి. ఆరో రోజుకూ తేటగానే ఉన్నాయి. అప్పటికి విచారణకు మూడు వారాలే ఉన్నాయి. నాలుగు అడుగులు వేస్తే చాలు మళ్లీ వచ్చి ఫ్లాస్కు చూస్తున్నాను. తెల్లబడాలని కోరుకుంటున్నాను, అలా కోరుకుంటున్నందుకు నా మీద నాకే కోపం.

ఏడో రోజు చిత్తూరు బస్సెక్కాను.

మునెమ్మ పొలం గెనిమ గట్టు మీద కూర్చుని గడ్డి కోస్తోంది. నన్ను చూసి నవ్వుతూ లేచింది. జరిగినదంతా చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"అయితే ఉప్పు దిగలేదంటావా?"

"మేం కట్టిన గొట్టంలో దిగలేదు."

ఆమె కొడవలి గడ్డి మీద పెట్టింది. తర్వాత చెప్పిన మాట నేను ఊహించనిది. నేను కేసు నీదే అన్న మూడో రోజు చెంగల్రాయులు మనిషిని పంపాడట. చెరువు కింద తన భూమి ఒక ఎకరా ఉంది, తియ్యటి నీళ్ల బావి ఉంది, దాన్ని తీసుకుని ఈ రెండెకరాలూ ఇచ్చేయమని అడిగాడట.

"లాబు సారే గెలుస్తావని సెప్పినాడు, నేనేల ఇస్తానని తిప్పి పంపిస్తిని. ఊర్లో అందరికీ సెప్పుకుంటిని. ఇప్పుడేమో దిగలేదంటావు. యాడికి పొయ్యేది నాయనా నేను?"

కాళ్లు వెనక్కి పోదామంటున్నాయి. అయినా అక్కడే నిలబడ్డాను. ఆమెకు కోపం పెరిగింది.

"ఆ గొట్టంలో మా మన్ను ఎట్ల పోసినారు?"

"ఆరబెట్టి, జల్లించి, దట్టించి..."

"జల్లిస్తిరా? పిండి మాదిరి జల్లిస్తే అది మా నేల ఎట్లయితాది? ఇట్ల రా, సూపిస్తా."

పైగట్టు దగ్గరకు తీసుకుపోయింది. ఒకప్పుడు అక్కడ కానుగ చెట్ల వరస ఉండేదట. వాటిని కొట్టేసి పదేళ్లు దాటింది. వేళ్లు భూమిలోనే పుచ్చిపోయాయి. ఆమె ఒక బిందె నీళ్లు అక్కడ పోసింది. నీళ్లు ఒకచోట నిలిచాయి, ఇంకోచోట బుడబుడమని బుడగలు లేస్తూ లోపలికి పోయాయి. గడ్డపారతో పెళ్లగిస్తే బంకమట్టిలో వేలు పట్టేంత బొరియ, లోపల పుచ్చిన వేరు పొట్టు, పక్కన చెదలు తొలిచిన సన్న దారులు. నేను మోకాళ్ల మీద కూర్చుని ఆ బొరియలో వేలు పెట్టి చూశాను. ఇవన్నీ మా జల్లెడలో పోయాయి. మొదటిసారి నా గొట్టం లేని దారి కల్పించింది. రెండోసారి ఉన్న దారి మూసేసింది.

తిరుపతికి వచ్చి సారుకు చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచారు. "మట్టిని కదిలించకుండానే కాలమ్ తియ్యాల" అన్నారు. అన్‌డిస్టర్బ్డ్ కాలమ్ అంటారు దాన్ని. నేలలో ఉన్న మట్టిని ఉన్నట్టే స్తంభంలా చెక్కి, దాని మీద గొట్టం తొడిగి, మధ్య సందులో కరిగించిన మైనం పోయడం. మైనం గడ్డకట్టి గోడను మూసేస్తుంది. నీళ్లు పోవాలంటే మట్టిలోంచే పోవాలి. మా లాబ్‌లో అప్పటిదాకా ఎవరూ చేయలేదు.

చెక్కే చోటు ఎవరు ఎంచాలి అన్నది సారు ముందే తేల్చారు. ఒక చోటు మునెమ్మ చూపాలి, ఇంకో చోటు చెంగల్రాయులు చూపాలి. ఆయన వచ్చాడు. లావుపాటి మనిషి, తెల్ల పంచె. ఆమె చూపిన చోటుకు దూరంగా, గట్టి నేల చూసి కాలితో గీత గీశాడు. "సార్, నా షెడ్డులో నలభై మంది పని సేస్తా ఉండారు. అది మూతపడితే వాళ్లు యాడికి పోవాల? నాకు నిజం తెలిస్తే సాలు. తప్పు నాదని తేలితే నేనే గుంట పూడుస్తా" అన్నాడు. ఆ మాట అబద్ధంలా వినిపించలేదు. అదే నాకు మరింత కష్టమైంది. అప్పటిదాకా ఆయన్ని ఒక గుంటగా మాత్రమే తలచుకున్నాను.

ముందురోజే నేల తడిపించాను. చుట్టూ కందకం తవ్వి, నడుమ మట్టిని వంటింటి కత్తితో, గరిటె అంచుతో కొద్దికొద్దిగా చెక్కాం. మొదటి స్తంభం రాయి తగిలి సగానికి విరిగింది. రెండోది ఒక వేరు దగ్గర ఊడి పడింది. ఎండ నెత్తి మీద కొడుతోంది. నేను మూడోది మొదలుపెట్టబోతే మునెమ్మ కత్తి తీసుకుంది. "ఇడువప్పా, నువ్వు తొందరపడతావు" అని తానే చెక్కింది. రెండున్నర అడుగుల స్తంభం నిలబడింది. చెంగల్రాయులు చూపిన చోట రెండోది నేను చెక్కాను. ఆయన గొడుగు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. మూడు రాళ్ల పొయ్యి మీద మైనం కరిగించాం. మరీ వేడిగా పోస్తే మట్టిలోకి ఇంకిపోతుంది, చల్లబడితే సందులోకి దిగదు. వేలి కొన పెట్టి చూసుకుంటూ పోశాను. గడ్డి పరిచిన ఎద్దుల బండిలో రోడ్డు దాకా, అక్కడి నుంచి జీపులో తిరుపతికి. దారంతా రెండు గొట్టాలనూ చెరో చేత్తో పొదివి పట్టుకుని కూర్చున్నాను. ప్రతి గతుకూ నా పక్కటెముకల్లో తగిలింది.

కడిగాక ఉప్పునీళ్లు వదిలాను. మునెమ్మ చూపిన చోటు కాలమ్‌లో రెండో రోజు మధ్యాహ్నం చుక్క తెల్లబడింది. చెంగల్రాయులు చూపిన దానిలో మూడో రోజు కూడా తేటగానే ఉంది. నాలుగో రోజు పొద్దున తెల్లబడింది. ఈసారి నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. రెంటిలోనూ ఎర్ర రంగు పోసి, కోసి చూశాను. గోడ పక్కన మైనం పాలలా తెల్లగా ఉంది. ఎరుపు మాత్రం మట్టి నడుమన, వేరు బొరియల వెంట, చెదల దారుల వెంట పాయలు పాయలుగా దిగి ఉంది. బంక పొరను దాటి కింది దాకా.

రిపోర్టులో మొదటి కాలమ్‌లు ఎందుకు తప్పాయో కూడా రాయమని సారును అడిగాను. "నీ పేరు పోతాది" అన్నారు. రాయమనే అన్నాను. విచారణలో చెంగల్రాయులు తరఫు వకీలు లేచి, గంటలోనే ఉప్పు దిగిందని లాబ్ మనిషి ఊళ్లో చెప్పాడట, అలాంటి వాళ్ల మాట ఎలా నమ్మేది అన్నాడు. అధికారి రిపోర్టు రెండో పేజీ తిప్పి చదివాడు. తప్పు అక్కడే రాసి ఉంది, కారణంతో సహా. వకీలు కూర్చున్నాడు. నేను రెండు కాలమ్‌ల కోత ముక్కలు బల్ల మీద పెట్టాను. చెంగల్రాయులు లేచి వచ్చి, తాను గీత గీసిన చోటు మట్టిని చేతిలోకి తీసుకుని, ఆ ఎర్ర పాయను వేలితో తడిమాడు. "నేను సూపిన సోటే" అని మాత్రం అన్నాడు.

గుంట పూడ్చి, కడుగు నీళ్లకు సిమెంటు తొట్లు కట్టాలని ఉత్తర్వు వచ్చింది. ఆయన మూడు నెలల్లో కట్టించాడు. షెడ్డు మూతపడలేదు.

విచారణ గది బయట మునెమ్మ నన్ను ఆపింది. "గెలిస్తిమి కదా. మా బాయి ఎప్పుడు బాగైతాది?"

ఆ ప్రశ్న వస్తుందని తెలిసే కాలమ్‌లు కోయకముందు వాటిలో మంచినీళ్లు వదిలి చూశాను. పది రోజులు వదిలినా చుక్క తెల్లబడుతూనే ఉంది. బొరియల వెంట గబగబా దిగిన ఉప్పు పక్కనున్న బంకమట్టిలోకి కూడా ఇంకింది. అక్కడి నుంచి అది వెనక్కి రావడానికి తొందరేమీ లేదు.

"తెలీదక్కా. ఎన్నో వానలు పడాల. ఎన్నని సెప్పలేను" అన్నాను.

చెరువు కింది ఎకరా మాట ఆమె ఎత్తలేదు. నేనే ఎత్తాను. అది ఆయన అప్పటికే వేరేవాళ్లకు కౌలుకు ఇచ్చేశాడు. కేసు ఓడినాక మళ్లీ ఎందుకు ఇస్తాడు? "నువ్వు తొందరపడితివి, నేనూ తొందరపడితిని. నీ ఒక్కని మీద వేసేదేముండాది" అని బస్టాండు వైపు నడిచింది. ఆమె తిట్టి ఉంటే నాకు ఇన్నేళ్లు గుర్తుండేది కాదేమో.

ఆ తర్వాత పాతికేళ్లకు పైగా కాలమ్‌లు కట్టాను. కొత్తగా చేరినవాళ్లకు రెండు సంగతులు చెప్పేవాణ్ని. మనం కోరుకున్న ఫలితం వస్తే ముందు గొట్టం కోసి చూడండి. కోసి చూడకముందు ఎవరి మొహం చూసి కూడా నోరు తెరవకండి. మన ఒక్క మాట మీద అవతలి మనిషి తన బతుకులో ఏదో ఒకటి వదులుకుంటుంది, అది మనకు తెలియను కూడా తెలియదు.

ఏటా వానలు వెనకబట్టాక ఆ పల్లెకు పోయి బావి నీళ్లు తెచ్చి పరీక్షించేవాణ్ని. అది నా ఉద్యోగంలో భాగం కాదు. ఊరికే ఉండలేక పోయేవాణ్ని. 1986లో పోయినప్పుడు మునెమ్మ పొలంలో రాగి వేసి ఉంది. బావి దగ్గర తొట్టిలో ఎద్దులు నీళ్లు తాగుతున్నాయి. నేను చెంబు వంచి ఒక గుక్క తాగాను. మింగగలిగాను. తాగేందుకు మాత్రం ఆమె ఇంట్లో బిందెలు ఇంకా చెరువు దగ్గర బావి నుంచే వస్తున్నాయి.